కిటికీ మీద ఇటుక ఆర్చి కుంగింది: సందుల్లో సిమెంటు కూరి పూసేస్తే సరిపోతుందా?

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. పాత రెండంతస్తుల ఇల్లు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. కింది అంతస్తులో, ఇంటి మూలకు అడుగున్నర ఇవతల నాలుగడుగుల కిటికీ, దాని మీద ఇటుక ఆర్చి. రెండేళ్ల కిందట పాత చెక్క ఫ్రేము పీకించి అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పెట్టించారు. ఇప్పుడు ఆర్చి నడుమ అంగుళం దిగింది. రెండు ఇటుకలు జారి కిందికి తొంగి చూస్తున్నాయి. ఆర్చి కుడి కొస నుంచి ఒక బీట మెట్లు మెట్లుగా మూల వైపు పైకి పాకింది. కిటికీ రెక్క జరపాలంటే భుజం ఆనించి నెట్టాల్సి వస్తోంది. మేస్త్రీ వచ్చి చూసి, "సందుల్లో సిమెంటు కూరి పైన ప్లాస్టరింగ్ చేసేద్దాం, ఇంక కనబడదు" అన్నాడు. సరిపోతుందా అని మీ ప్రశ్న.

కనబడదన్న మాట మాత్రం నిజం. వచ్చే వానాకాలం దాకా కనబడదు.

మిగతాది తీరిగ్గా చదువుదురు గానీ, ముందు ఒక పని చేయండి. ఆ కిటికీ కింద ఎవరూ కూర్చోకుండా, పిల్లలు ఆడకుండా చూడండి. ఇవాళో రేపో ఆర్చికి కింద నుంచి ఆసరా పెట్టించండి. జారిన ఇటుక ఒక్కోటి మూడు కిలోల దాకా ఉంటుంది. తల మీద పడటానికి అది చాలు. ఆర్చి మొత్తం ఇవాళే కూలిపోతుందని నేననడం లేదు, అంత టెన్షన్ పడొద్దు. కానీ జారిన ఇటుక మాత్రం ఎప్పుడు పడుతుందో చెప్పి పడదు.

ఆసరా ఇలా పెట్టాలి. గోడకు బయటివైపు ఒక జత, లోపలివైపు ఒక జత సెంట్రింగ్ జాకీలు, అంటే శ్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనప కాళ్లు. జాకీల కింద నేల మీద మందపాటి చెక్క పలక, బరువు ఒక్కచోటే దిగకుండా. లోపల నేల కింద బోలుగా ఉన్నా, చెక్క ఫ్లోరు ఉన్నా ఆ కింద కూడా ఆసరా ఉండాలి, లేకపోతే జాకీయే కిందికి దిగుతుంది. జాకీల మీద అడ్డంగా ఒక దూలం. ఆర్చి వంపుగా ఉంటుంది కాబట్టి దూలానికీ ఆర్చికీ మధ్య ఖాళీ మిగులుతుంది. అక్కడ నడుమ ఒకటి, అటూ ఇటూ ఒక్కోటి చెక్క దిమ్మలు కోసి పెట్టి, వాటి కింద ఎదురెదురుగా రెండేసి చీలలు (ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉండే చెక్కముక్కలు) దూర్చి సుత్తితో మెల్లగా బిగించాలి. చీల వదులుగా ఉన్నంతసేపూ సుత్తి దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. బిగుసుకోగానే శబ్దం గట్టిపడుతుంది. అక్కడ ఆపేయాలి. ఆసరా అంటే ఉన్నచోట పట్టి ఉంచడం వరకే, పైకి లేపడం దాని పని కాదు.

ఈ లేపడం గురించి నా సొంత అనుభవం ఒకటి. పనిలోకి వచ్చిన కొత్తల్లో ఇలాంటి ఆర్చికే హైడ్రాలిక్ జాకీ పెట్టి, దిగిన అంగుళాన్నీ మళ్లీ పైకి ఎక్కించేద్దామనుకున్నాను. నాలుగైదు పంపులు కొట్టానో లేదో, టప్పున శబ్దం. ఆర్చి బాగానే లేచింది. దాని పైన గోడలో మూడో వరస దగ్గర కొత్తగా అడ్డబీట వచ్చింది, ఆర్చి ఇటుకల అంచులు రెండు మూడు చోట్ల పెచ్చులూడాయి. ఎందుకో తర్వాత అర్థమైంది. ఆర్చి దిగే క్రమంలో తెరుచుకున్న ప్రతి సందులోకీ మాలు (ఇటుకల మధ్య పెట్టే సున్నం లేదా సిమెంటు ముద్ద) పొడి, ఇసుక రాలి కూర్చుంటాయి. ఆ సందు ఇంక మూసుకోదు. కింద నుంచి ఎత్తితే ఇటుక అంచు ఆ ఇసుక మీద నలిగి పగులుతుంది, మిగతా ఎత్తుడంతా పైగోడకు పోతుంది. కారు టైరు మార్చే జాకీ ఉంది కదా అని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి.

సరే, ఇప్పుడు ఆర్చి ఎందుకు దిగిందన్న విషయం. మేస్త్రీ చూపు నడుమ జారిన రెండు ఇటుకల మీదే ఉంది. అందరి చూపూ అక్కడికే పోతుంది. నేనైతే ముందు టేపు తీసి కిటికీ వెడల్పు కొలుస్తాను.

కారణం చెబుతాను. లింటెల్ అయితే, అంటే కిటికీ మీద అడ్డంగా వేసే తిన్నని దూలమైతే, పైనున్న బరువును నేరుగా కిందికి, రెండు కొసల మీదికి దించుతుంది. ఆర్చి అలా కాదు. బరువును కిందికి దించుతూనే రెండు పక్కల గోడలనూ బయటికి నెడుతుంది. ఆ గోడలు తిరిగి లోపలికి నెట్టినంత కాలమే ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. పక్కగోడ కొంచెం జరిగితే నడుమ ఇటుక దిగక తప్పదు.

ఎంత నెడుతుందో ఒక లెక్క వేద్దాం. కిటికీ మీది గోడ బరువంతా ఆర్చి మీద పడదు. గోడలోని ఇటుకలే తమలో తాము ఒక వంపు తీసుకుని చాలా బరువును పక్కలకు పంపేస్తాయి. ఆర్చి మీద పడేది మూడు వైపులా సమానమైన త్రికోణమంత గోడ అని లెక్క కడతాం. నాలుగడుగుల కిటికీ, తొమ్మిదంగుళాల గోడ అయితే అది సుమారు 280 కిలోలు. మీ ఆర్చి మొదట్లో కొసల కంటే నడుమ ఆరంగుళాలు ఎత్తు ఉందనుకుందాం. బరువు సమంగా పరుచుకుందనుకుంటే, పక్కకు నెట్టే బలం = బరువు × వెడల్పు ÷ (8 × ఎత్తు). వెడల్పు 48 అంగుళాలు, ఎత్తు 6. అంటే పక్కకు నెట్టేది కూడా 280 కిలోలే. ఇప్పుడు అంగుళం దిగి ఎత్తు 5 అయింది కాబట్టి అదే బరువుకు నెట్టుడు 336 కిలోలు అయింది. ఇంకో రెండంగుళాలు దిగితే 560.

చూశారా సంగతి? బరువు గ్రాము కూడా పెరగలేదు, నెట్టుడు మాత్రం రెట్టింపయింది. ఆర్చి దిగేకొద్దీ పక్కగోడను ఎక్కువగా నెడుతుంది, పక్కగోడ జరిగేకొద్దీ ఆర్చి ఇంకా దిగుతుంది. సందుల్లో కూరిన సిమెంటు ఈ చక్రాన్ని ఆపలేదు. "చాలా ఏళ్లు అలాగే ఉంది, ఈ ఏడాదే ఒక్కసారిగా దిగింది" అని జనం చెప్పడానికి కూడా ఇదే కారణం.

ఇంకొక లెక్క, ఇది మీకు నేరుగా పనికొస్తుంది. ఆర్చిని నడుమ విరిగిన రెండు ముక్కలుగా ఊహించుకోండి, ఒకదానికొకటి ఆనుకున్న రెండు పలకల్లాగా. మీ కొలతల్లో కొసలు కలిపి అర అంగుళం దూరం జరిగితే నడుమ అంగుళం దిగుతుంది. సగం వెడల్పు 24ను ఎత్తు 6తో భాగిస్తే 4 వస్తుంది కదా, ఒక్కో ముక్కకు వచ్చే పావు అంగుళం జరుగుడు నడుమకు వచ్చేసరికి నాలుగింతలవుతుంది. కాబట్టి టేపుతో కిటికీ వెడల్పును మూడు చోట్ల కొలవండి: పైన, అంటే ఆర్చి కాళ్లు ఆనిన చోట, తర్వాత నడుమ, ఆ తర్వాత అడుగున. ఫ్రేముకు కాదు, ఇటుకకు ఇటుక కొలవాలి. ప్లాస్టరింగ్ అడ్డొస్తే కాస్త చెక్కి కొలవండి. పైన అర అంగుళం ఎక్కువ వచ్చిందా, దొంగ కుడి పక్కగోడ. తూకపు గుండు (దారానికి వేలాడే బరువు) తీసుకుని ఆ మూలను పై నుంచి కిందికి చూడండి, బయటికి ఒరిగిందో లేదో అదే చెబుతుంది. మూడు కొలతలూ ఒకేలా ఉంటే పక్కగోడ నిర్దోషి. అప్పుడు దోషం ఆర్చి లోపలే ఉంది.

మీరు పంపిన ఫోటో చూస్తే నా అనుమానం పక్కగోడ మీదే ఎక్కువ. కిటికీకీ మూలకూ మధ్య ఉన్నది అడుగున్నర గోడ. ఎడమ వైపు ఆర్చి నెడితే పట్టుకోవడానికి పొడుగాటి గోడ ఉంది. కుడి వైపు ఉన్నది ఈ ముక్కే. పైగా మూలన వాన నీళ్ల పైపు ఉంది, దాని వంపు దగ్గర గోడ మీద పచ్చగా నాచు పట్టింది. అంటే అక్కడ ఏళ్ల తరబడి నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లు సందుల్లోని సున్నాన్ని కరిగించి ఉండాలి, లేదా పునాది దగ్గర మట్టిని మెత్తబరిచి ఉండాలి. మెట్ల బీట మూల వైపు ఎక్కడం కూడా ఈ మాటకే బలమిస్తోంది. పక్కగోడకు సంబంధం లేకుండా ఒట్టి ఇటుకలు జారిన కేసుల్లో బీట ఆర్చి మీద చిన్న త్రికోణంలా వచ్చి ఆగిపోతుంది, మూల దాకా పోదు.

అలాగని కిటికీ మార్చినవాళ్లకు నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. పాత ఇళ్లలో ఆర్చి కొంచెం బలహీనపడ్డాక చాలాచోట్ల ఆ మందపాటి చెక్క ఫ్రేమే చడీచప్పుడు లేకుండా బరువు మోస్తూ ఉంటుంది. అది మోస్తోందని ఎవరికీ తెలియదు, పీకేదాకా. అల్యూమినియం ఫ్రేము పలుచటి గొట్టం, దాని మీద అరచేత్తో గట్టిగా నొక్కితేనే వంగుతుంది. పాతది తీసేటప్పుడు ఆసరా పెట్టకుండా రంపంతో కోసి లాగి ఉంటే, ఆర్చి ఆ క్షణంలోనే ఒక పావు అంగుళం దిగి ఉంటుంది. మీ రెక్క బిగుసుకుపోవడానికి కారణం ఇప్పుడు ఆ పలుచటి ఫ్రేమే ఆర్చిని మోస్తుండటం. అందుకే ఆసరా పెట్టకుండా ఫ్రేము జోలికి పోవద్దు, ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు.

ఇంకో రెండు చోట్ల కూడా చూడండి. లోపలి వైపు ఆర్చి మీద ప్లాస్టరింగ్‌ను వేలి కణుపుతో తట్టండి. చాలా పాత గోడల్లో ఆర్చి బయటి సగానికే ఉంటుంది, లోపలి సగాన్ని ఒక చెక్క దూలం మోస్తుంది. ఆ చెక్క చెదపట్టి బోలుగా అయితే దాని బరువంతా ఆర్చి మీదికి వస్తుంది. స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి, వెన్నలో దిగినట్టు దిగితే చెదే. రెండోది, ఆర్చి అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. కొన్ని ఆర్చిల కింద ఇనప పట్టీ వేసి పైన ప్లాస్టరింగ్ చేసేస్తారు. ఇనుము తుప్పు పట్టి కొన్ని రెట్లు ఉబ్బి ఇటుకలను విడదీస్తుంది. అలాంటిది ఉంటే దాన్ని తీయకుండా చేసే మరమ్మతు ఏదీ నిలవదు.

ఇప్పుడు ఆర్చిలో సందులు ఎక్కడ తెరుచుకున్నాయో దగ్గరగా చూడండి. టార్చి పక్క నుంచి వేస్తే నీడలో బాగా తెలుస్తుంది. మామూలుగా నడుమ ఉన్న సందు కింది వైపు తెరుచుకుని పైన బిగిసి ఉంటుంది, కొసల దగ్గర సందులు పై వైపు తెరుచుకుంటాయి. అవి ఆర్చికి పడ్డ కీళ్లు, తలుపుకు కీళ్లున్నట్టు. మూడు కీళ్లు పడ్డా ఆర్చి నిలబడే ఉంటుంది. వంకరగా, కానీ నిలబడే ఉంటుంది. నాలుగో కీలు పడితే కూలుతుంది. నడుమా, రెండు కొసలూ కాక మధ్యలో ఇంకెక్కడైనా సందు పైకి తెరుచుకుని కనిపిస్తే ఇంక ఆలోచించకుండా ఆ రోజే ఇంజనీరును పిలవండి.

ఇక్కడ నాకిష్టమైన చిన్న పరీక్ష ఒకటి చెబుతాను, సరదాగా చేసి చూడండి. వేలాడే గొలుసు ఏ వంపు తీసుకుంటుందో, దాన్ని తలకిందులు చేస్తే ఆర్చికి సరైన వంపు అదే అని రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1670ల్లోనే గుర్తించాడు. ఆర్చిని ఎదురుగా నిలబడి ఫోటో తీసి పెద్దగా ప్రింటు వేయించండి. దాన్ని తలకిందులుగా గోడకు అంటించి, ఆర్చి రెండు కొసల దగ్గర మేకులు కొట్టి సన్నటి గొలుసు వేలాడదీయండి. గొలుసు ఆర్చి మందంలో నడుమగా పోతే నిశ్చింత. అంచుకు అతుక్కుని పోయే చోట, ఆ అంచుకు ఎదురు అంచున సందు తెరుచుకుని ఉంటుంది. పైన బరువు ఒకేచోట ఉంటే ఇది అంత కచ్చితం కాదు, కానీ ఆర్చి ఎలా ఆలోచిస్తుందో కంటికి కనబడుతుంది.

బీట ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా అన్నది తేలాలి. బీటకు అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు చిన్న ప్లస్ గుర్తులు గీసి, వాటి మధ్య దూరాన్ని మి.మీ.ల్లో కొలిచి పక్కనే తేదీ రాయండి. రెండు వారాలకోసారి కొలవండి. గాజు పలక ముక్కను బీట మీద అడ్డంగా అతికించినా సరే, గోడ కదిలితే అది విరుగుతుంది. ఆసరా ఉన్నంతకాలం తొందరేమీ లేదు, కొన్ని నెలలు చూసినా నష్టం లేదు. ఈలోగా వాన నీళ్ల పైపు బాగు చేయించి, నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా దూరంగా పోయేలా చేయండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇది. చాలాసార్లు బీట దీంతోనే ఆగిపోవడం చూశాను. పైపు బాగు చేశాక కూడా గుర్తుల మధ్య దూరం పెరుగుతూనే ఉంటే అది పునాది సమస్య, ఆర్చి మరమ్మతు తర్వాతి మాట.

బీట ఆగింది అనుకుందాం. అప్పుడు పక్కగోడను కట్టేయాలి. ఆర్చి పైన ఉన్న వరసల్లో రెండు చోట్ల, ఇటుకల మధ్య అడ్డ సందులో సుమారు అంగుళంన్నర లోతున మాలు తీసేసి, మెలికలు తిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని గ్రౌటులో, అంటే సందు నింపే సిమెంటు ముద్దలో, పాతి పూడ్చేస్తారు. ఇది సాధారణంగా 6 మి.మీ. కడ్డీ. కిటికీ దాటి రెండు పక్కలా కనీసం అర మీటరు పోవాలి. మీకు కుడి వైపు అంత గోడే లేదు, కాబట్టి కడ్డీని మూల దగ్గర వంచి, మూల తిరిగాక వచ్చే అవతలి గోడలోకి తిప్పాలి. ఇదే మీ పనిలో ప్రాణం లాంటిది. కడ్డీ మూల దగ్గరే ఆగిపోతే పక్కగోడ కడ్డీతో సహా జరుగుతుంది. మామూలు ఇనప కడ్డీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, తుప్పు పట్టే సంగతి పైన చెప్పాను.

ఆ తర్వాతే ఆర్చి. దిగింది పావు అంగుళమో అంతకన్నా తక్కువో ఉండి, ఇటుకలు జారకుండా ఉంటే, నేను ఉన్నది ఉన్నట్టే ఉంచి సందులు శుభ్రం చేసి పలుచటి పలకరాయి ముక్కలు బిగించి మాలు నింపి వదిలేస్తాను. వంకర కాస్త కనిపిస్తుంది, పాత ఇంటికి అది ముడతలాంటిది. మీది అంగుళం, పైగా రెండు ఇటుకలు పూర్తిగా జారాయి. విప్పి మళ్లీ కట్టడమే మేలు. భయపడాల్సిందేమీ లేదు, తెలిసిన మనిషికి రెండు మూడు రోజుల పని.

విప్పే ముందు ఎదురుగా ఫోటో తీయండి, సుద్దముక్కతో ప్రతి ఇటుకకూ ఎడమ నుంచి నంబరు వేయండి. ఆర్చి పైన ఉన్న రెండు మూడు వరసలు కూడా వదులుగా ఉంటాయి, అవీ తీయాల్సి రావచ్చు. ఇప్పుడు ఆర్చి కిందికి కాదు, పైగోడకు ఆసరా కావాలి: ఆర్చి పైన గోడకు అడ్డంగా రంధ్రం చేసి దూలం దూర్చి, దాని రెండు కొసల కిందా జాకీలు. పైన ఫ్లోరు దూలాలు ఆ కిటికీ మీదే ఆని ఉంటే లోపల ఫ్లోరుకు వేరే ఆసరా పెట్టాలి. ఈ ఒక్క దశకు మాత్రం ఇంజనీరు వచ్చి చూడాలి. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

ఇటుకలు తీయడానికి సన్నటి ఉలి, చిన్న సుత్తి చాలు. గ్రైండరు పెడితే పని వేగంగా అవుతుంది, నిజమే. నిలువు సందుల దగ్గర బ్లేడు ఎప్పుడూ ఒక అర అంగుళం ఎక్కువే కోస్తుంది, ఆ గాటు పైఇటుక మీద జీవితాంతం ఉంటుంది.

కొత్త ఆర్చికి కింద చెక్క ఫర్మా కావాలి, అంటే మాలు గట్టిపడేదాకా ఇటుకలను మోసే వంపు అచ్చు. పాత వంపు మళ్లీ రావాలంటే మీ ఇంట్లోనే బాగున్న అదే కొలత కిటికీ ఉంటే దాని ఆర్చికి అట్ట ఆనించి గీసుకోండి. లేదంటే లెక్క: సగం వెడల్పు 24, ఎత్తు 6 అయితే వ్యాసార్థం (24×24 + 6×6) ÷ 12 = 51 అంగుళాలు. నేల మీద ప్లైవుడ్ పరిచి, మేకు కొట్టి, 51 అంగుళాల దారానికి పెన్సిల్ కట్టి గీస్తే అచ్చం వంపు వస్తుంది. ఆ వంపు పొడవు సుమారు 50 అంగుళాలు. ఇటుక, సందు కలిపి మూడంగుళాలనుకుంటే 17 ఇటుకలు, సందులు కాస్త బిగించి. బేసి సంఖ్యే రావాలి, నడుమ ఒక ఇటుక కూర్చోవాలి కాబట్టి. ఫర్మా మీద ముందే పెన్సిల్‌తో 17 గుర్తులు పెట్టుకోండి. గుర్తుల్లేకుండా మొదలుపెట్టినవాడు చివర్లో నడుమ ఇటుకను చెక్కుతూ కూర్చుంటాడు.

ఇటుకలన్నీ ఒకే మందం, ఆర్చి పై వంపు మాత్రం కింది వంపు కంటే పొడవు. ఇటుకలను తొమ్మిదంగుళాల ఎత్తున ఒకే వరసగా నిలబెడితే సందు పైకి వెళ్లేసరికి అర అంగుళం వెడల్పు పెరుగుతుంది, అంత లావు సందు మంచిది కాదు. అందుకే ఇటుకను చీలలా చెక్కి వాడతారు, లేదా నాలుగున్నర అంగుళాల వరసలు రెండు, ఒకదాని మీద ఒకటి కడతారు. పాతది ఎలా ఉంటే అలాగే కట్టించండి.

అన్నిటికంటే ముందు రెండు కొసల దగ్గర వాలు మొహాలు సరిచూడాలి. ఆర్చి నెట్టుడంతా ఆ రెండు మొహాల మీదే. అక్కడ ఇటుక పగిలి ఉంటే మార్చి, రెండు పక్కలా ఒకే వాలు వచ్చేలా గట్టిగా కట్టుకుని, అది గట్టిపడేదాకా ఆగాలి. తర్వాత రెండు కొసల నుంచీ సమానంగా నడుమకు రావాలి, అటో ఇటుక, ఇటో ఇటుక. ఒకవైపే కట్టుకుంటూ పోతే ఫర్మా ఒరుగుతుంది. ఇటుకలను ముందే నీళ్లలో నానబెట్టి, పైన తడి ఆరాక వాడాలి. ప్రతి సందూ మాలుతో నిండుగా ఉండాలి, అంచులకు పూసి లోపల ఖాళీ వదిలేయడం మన మేస్త్రీలకు అలవాటైన జబ్బు. నడుమ ఇటుకకు మూడు వైపులా మాలు పట్టించి, సుత్తి పిడితో తట్టి దింపాలి.

మాలు గురించి కచ్చితంగా చెప్పాలి. పాత మాలును మేకుతో గీకండి. తెల్లగా పొడిలా రాలితే సున్నం. దాని పక్కన ఒకటికి మూడు సిమెంటు మాలు పెడితే అది పాత ఇటుక కంటే గట్టిగా తయారవుతుంది. గోడ కాస్త కదిలినా సందు బదులు ఇటుక పగులుతుంది, గోడలోని తేమ సందులోంచి బయటికి రాలేక ఇటుక మొహం గుండా వచ్చి పెచ్చులూడదీస్తుంది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక అయితే చాలు. ఇటుక మరీ మెత్తగా ఉంటే 1:2:9. మాలు గట్టిగా ఉంటేనే బలం అని మేస్త్రీ వాదిస్తాడు, వాదించనివ్వండి. ఆర్చిలో మాలు పని అతికించడం కన్నా ఇటుకల మధ్య మెత్తగా, నిండుగా కూర్చుని బరువును సమంగా పంచడం.

తర్వాత వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. ఎండ నేరుగా తగలకూడదు. ఫర్మాను సిమెంటు కలిసిన మాలుకు కనీసం వారం, వట్టి సున్నానికి మూడు నాలుగు వారాలు ఉంచండి. తీసే రోజు ఒక్కసారిగా లాగేయొద్దు. చీలలను ఒక నూలు మందం వదులు చేసి ఒక రోజు ఆగండి. ఆర్చి తన బరువును తాను ఎత్తుకుంటుంది, నడుమ ఒకటి రెండు మి.మీ. దిగితే సహజమే. ఇంకా దిగుతుంటే చీలలు మళ్లీ బిగించి, ఎక్కడ మాలు ఖాళీ ఉందో వెతకాలి. ఆర్చి పైన తీసిన వరసలను ఆర్చి గట్టిపడ్డాకే కట్టి, పైగోడ కింద చివరి సందును కాస్త పొడిగా ఉన్న మాలుతో చెక్కముక్క పెట్టి కొట్టి కొట్టి కూరాలి. ఇక్కడ కూరడం సరైన పనే. పైగోడ ఆసరా దూలాలు తీసేది అది కూడా గట్టిపడ్డాకే.

చివరగా కిటికీ. అదే అల్యూమినియం కిటికీ వాడుకోవచ్చు, దాని తప్పేమీ లేదు. కానీ ఫ్రేముకూ ఆర్చికీ మధ్య పది, పన్నెండు మి.మీ. ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో సిమెంటు పెట్టనివ్వకండి, చెక్కముక్కలు దిగ్గొట్టనివ్వకండి. ఫ్రేమును పక్కలకే స్క్రూలతో పట్టించి, పైన సాగే గుణమున్న సీలెంటుతో మూయించండి. బిగించేవాళ్లు వెళ్లాక ఆ ఖాళీలోకి పలుచటి అట్టముక్క ఒకటి దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి చూడండి. ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ ఎవరో ఏదో కూరేసి వెళ్లారన్నమాట, సీలెంటు వేయకముందే తీయించండి.

వెడల్పు కొలతలు మూడూ, మూల దగ్గర తూకపు గుండు ఎంత తేడా చూపించిందీ రాయండి. అవి చూస్తే పక్కగోడ సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పగలను.